మట్టి రోజున మర ఆడిందట

తోమాసా గురించి అడిగితే మా వీధిలో ఇప్పుడు ఎవరూ నోరు విప్పరు. మాట్లాడాల్సిన వాళ్ళంతా తమ దుకాణాల ముందు భాగాలు కాఫీ హోటళ్ళకు అద్దెకిచ్చి, ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని తిరుగుతున్నారు. అందుకే నేను చెబుతాను. నా పేరు మికాయెలా, అందరూ మీచా అంటారు. నాకు దుకాణం లేదు, కాబట్టి నిజం చెబితే నాకు పోయేది కూడా లేదు. తోమాసా పిండిమర గుమ్మం పక్క మెట్టు మీద ఆవిరి డేగిసా పెట్టుకుని ఏళ్ళ తరబడి మొక్కజొన్న పిండితో ఉడికించే తమాలెలు అమ్ముకున్నదాన్ని. ఆమె ఆడిన పిండే నా తమాలెలకు రుచి, ఆమె గుమ్మమే నాకు నీడ. నా కూతురి బాప్తిస్మానికి ఆమే తల్లి స్థానంలో నిలబడింది. అప్పటి నుంచి మేమిద్దరం ఒకరినొకరం కొమాద్రే అని పిలుచుకుంటాం.

శాన్ హసింతో నగరంలో పెద్ద చర్చి వెనకాల ఉన్న అనిమాస్ వీధి మాది. పొద్దు పొడవకముందే తోమాసా మర తెరిచేది. సున్నపు నీళ్ళలో ఉడికించి నానబెట్టిన మొక్కజొన్నలు బకెట్లతో తెచ్చి ఆడవాళ్ళు వరసలో నిలబడేవారు. ఆమె ప్రతి బకెట్లో చెయ్యి పెట్టి ఒక గింజ తీసి కొరికి చూసేది.

"ఇది ఉడకలేదు. నా రాళ్ళు అరగదియ్యడానికి తెచ్చావా? పో, ఇంకాసేపు పొయ్యి మీద పెట్టుకురా" అని మొహం మీదే అనేది. ఒకసారి డాక్టరు గారింటి పనిమనిషి వరస దాటి ముందుకొచ్చి, మా అమ్మగారికి తొందరగా కావాలంది. "మీ అమ్మగారికి అంత ఆకలిగా ఉంటే ఆవిడనే వచ్చి నిలబడమను. ఇక్కడ ఆకలి అందరికీ ఒక్కటే" అని ఆ బకెట్ తీసి చివరన పెట్టింది. ఆ తర్వాత వారం రోజులు ఆడవాళ్ళు అదే మాట చెప్పుకుని నవ్వుకున్నారు. మోటారు చప్పుడు మీద అరిచి అరిచి ఆమె గొంతు మగవాడి గొంతులా బొంగురుపోయింది. సున్నం తినేసి చేతులు పగుళ్ళు బారాయి. ఆ చేతులతో ఆమె ముట్టుకుంటే నా కూతురు చిన్నప్పుడు ఏడ్చేది.

మొగుడి పేరు నబోర్. నోట్లో నాలుక లేని మనిషి. మర రాళ్ళు నున్నబడినప్పుడల్లా వాటిని దింపి, ఒళ్ళో బిడ్డను పెట్టుకున్నట్టు కాళ్ళ మధ్య పెట్టుకుని, చిన్న సుత్తితో గంట్లు పడేలా కక్కు కొట్టేవాడు. కొడుతూ పాడేవాడు. ఆ పాట భరించడం కష్టం. "ఆపు నబోర్, పాలు విరిగిపోతాయి" అని తోమాసా లోపలి నుంచి అరిచేది. ఆయన నవ్వి ఇంకా గట్టిగా పాడేవాడు. పిల్లలు లేరు వాళ్ళకి. పొద్దున్నుంచి రాత్రిదాకా ఆయన్ని తిట్టడమే ఆమెకు ముచ్చట, తిట్లు తినడమే ఆయనకు భోగం.

మా వీధికి ఒక కట్టుబాటు ఉండేది. వీధిలో ఎవరు పోయినా, మట్టి రోజున ఏ దుకాణమూ తెరవకూడదు. తలుపు మీద నల్ల రిబ్బను పువ్వు కట్టి అందరూ శవం వెనక నడవాలి. తిరిగొచ్చి చనిపోయినవాళ్ళ ఇంట్లో కాఫీ తాగి రొట్టె తిన్నాకే ఎవరి పని వాళ్ళు చూసుకోవాలి. ఇది ఎవరు పెట్టారో తెలియదుగానీ, ఆ మాట నిలబెట్టేది మాత్రం తోమాసాయే. ఒకసారి తాళాలు చేసే ముసలాయన పోయినప్పుడు ప్రెస్సు ఇలారియో షట్టర్ సగం దించి లోపల పెళ్ళి కార్డులు వేసుకుంటున్నాడు. తోమాసా వంగి షట్టర్ కింద నుంచి దూరి మెషిన్ ఆపేసింది.

"దోన్యా తోమాసా, రేపటికి ఇవ్వాలి ఇవి" అన్నాడు ఇలారియో, పెద్దావిడను పిలిచే మర్యాదతో.

"పెళ్ళికూతురు ఎల్లుండైనా చేసుకుంటుంది పెళ్ళి. ఆయన మళ్ళీ చావడుగా" అంది తోమాసా.

వీధంతా నవ్వింది. ఇలారియో కూడా నవ్వాడు. కానీ ఆ నవ్వు వాడి కళ్ళదాకా రాలేదని నాకు అప్పుడే తెలుసు.

తర్వాత మునిసిపాలిటీ వాళ్ళకు నగరం నడిబొడ్డు మీద ప్రేమ పుట్టుకొచ్చింది. పాత ఊరికి మళ్ళీ ప్రాణం పోస్తామన్నారు. ఇన్నాళ్ళూ మేం శవాలమై పడి ఉన్నట్టు. గోడలకు పసుపు, గులాబీ రంగులు వేశారు, రాళ్ళు పీకి మళ్ళీ అవే రాళ్ళు పరిచారు, దీపస్తంభాలు నాటారు. పాత నాటకశాలలో మీటింగు పెట్టి తెర మీద బొమ్మలు చూపించారు. ఆ బొమ్మల్లో మా వీధి ఉంది. సన్నగా పొడుగ్గా ఉన్న జనం కుక్కల్ని పట్టుకుని నడుస్తున్నారు, గొడుగుల కింద కూర్చుని ఏదో తాగుతున్నారు. బకెట్ పట్టుకున్న మనిషి మాత్రం ఒక్కరూ లేరు.

రెనాతా అని ఒక ఆర్కిటెక్టు అమ్మాయి మాకు కొత్త జోనింగ్ నిబంధనలు వివరించింది. మర్యాదస్తురాలే, ఆ అమ్మాయిని అనడానికి లేదు. నడిబొడ్డు వీధుల్లో ఇకమీదట కింది అంతస్తులో హోటళ్ళు, కాఫీ కొట్లు, బొమ్మల దుకాణాలు, చదువుకునే చోట్లు ఉండవచ్చట. పిండిమరలు, ప్రెస్సులు, మైనం కరిగించే కొట్లు, ఇనుప పనులు ఉండకూడదట. అందరం గొల్లుమన్నాం. అప్పుడు ఆ అమ్మాయి చేయెత్తి, ఇప్పటికే నడుస్తున్న వాళ్ళను తీసేయం అంది. సర్వే వాళ్ళు వచ్చిన రోజున ఏ దుకాణం పనిలో ఉంటే, ఆ యజమాని బతికున్నంత కాలం దానికి అనుమతి ఉంటుంది. ఆ రోజున మూసి ఉన్నదానికి మాత్రం ఉండదు.

"సర్వే ఏ రోజమ్మా?" అని కొవ్వొత్తుల దామియాన్ అడిగాడు.

"ముందు చెప్పకూడదండి. చెప్తే ఎప్పుడో మూతబడ్డ కొట్లు కూడా ఆ ఒక్కరోజు తెరిచి కూర్చుంటారు."

తోమాసా పక్కనున్న నన్ను మోచేత్తో పొడిచింది. "ఎప్పుడొస్తే ఏంటి? పండగ లేదు, పబ్బం లేదు, జ్వరమొచ్చినా తెరుస్తాను. నా మర మూసి ఉండగా చూసినవాడు ఇంకా పుట్టలేదు" అంది.

ఆ శీతాకాలం ఒక మధ్యాహ్నం నబోర్ రాయి కక్కు కొడుతూ, పాట మధ్యలో ఆగిపోయాడు. పాట ఆగిందేమిటా అని తోమాసా బయటికొచ్చి చూసింది. రాయి మీదికి ఒరిగి ఉన్నాడు. నేను మెట్టు మీదే ఉన్నాను, పరుగెత్తుకుని వెళ్ళాను. ఆమె ఏడవలేదు. ఆయన చొక్కా మీద పడ్డ రాతి పొడి దులుపుతూ "లే, నబోర్. లే. ఇంకోవైపు మిగిలే ఉంది" అంటూ కూర్చుంది. ఎంతసేపు పిలిచినా నా మాట వినలేదు.

మట్టి రోజున తోమాసా ఎవరింటికీ వెళ్ళి తలుపు మూయమని చెప్పలేదు. చెప్పే స్థితిలో లేదు ఆమె. వీధి మొత్తం తనంతట తానే మూసింది. ఈ చివర ప్రెస్సు నుంచి ఆ చివర కొవ్వొత్తుల కొట్టు దాకా తెల్లవారేసరికి ప్రతి తలుపు మీదా నల్ల రిబ్బను ఉంది. దామియాన్ మంచం పట్టిన తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చాడు. ఇలారియో శవపేటికకు భుజం పట్టాడు. మనుషులంటే ఇలా ఉండాలి అనుకున్నాను నేను, ఆ రోజు. మా వీధిని చూసి గర్వపడ్డాను కూడా.

మేమందరం శ్మశానంలో ఉన్న ఆ పొద్దుటిపూటే సర్వే వాళ్ళు మా వీధికి వచ్చారు. ఆ చివర నుంచి ఈ చివరకు నడిచారు, మూసిన తలుపులు చూశారు, పని లేదు అని రాసుకుని పోయారు. నల్ల రిబ్బన్లు కళ్ళకు కనబడలేదా అని మీరడుగుతారు. నేనూ అడిగాను. దాన్ని రాసుకోవడానికి వాళ్ళ కాగితంలో గడి లేదట.

మాకు ఈ సంగతి కొన్ని నెలల దాకా తెలియదు. లైసెన్సు కొత్తది చేయించుకోవడానికి వెళ్తే మునిసిపాలిటీ గోడ మీద పెద్ద పటం ఉంది. పనిలో ఉన్న దుకాణాలకు పచ్చ రంగు, మూతబడ్డవాటికి బూడిద రంగు. మా వీధి ఈ కొస నుంచి ఆ కొసకు బూడిదే. తోమాసా దాని ముందు నిలబడి కాసేపు చూసి, తిన్నగా రెనాతా కూర్చున్న కౌంటర్ దగ్గరికి వెళ్ళింది. నేనూ వెంట ఉన్నాను.

"అమ్మాయ్, మీవాళ్ళు తప్పు రాశారు. ఆ రోజు మా ఆయన్ని మట్టిలో పెట్టాం. వీధంతా మూశాం. మర్నాడు తెరిచాం. ముందు రోజు కూడా తెరిచే ఉంది. అది దిద్దు" అంది.

రెనాతా కాగితాలు తిరగేసింది. "మీరు చెప్పేది నేను నమ్ముతున్నానండి. కానీ నిబంధనలో సర్వే రోజున అని ఉంది. ఆ రోజున తెరిచి ఉందా లేదా అన్నదే లెక్క. ఎందుకు మూశారన్నది అడగమని లేదు."

"మనిషి చచ్చిపోతే ఏం చెయ్యమని ఉంది?"

"దాని గురించి ఏమీ లేదండి" అంది ఆ అమ్మాయి చిన్నగా. మీరు చెప్పింది వాంగ్మూలంగా రాసి పైకి పంపిస్తాను, ఎవరైనా ఆలోచిస్తారేమో అని చెప్పి, రాసి సంతకం పెట్టించుకుంది. మంచికే చేసింది. ఆ మంచే మా కొంప ముంచింది.

ఇలారియో ఎక్కడో ఒక వకీలును పట్టుకుని దారి కనుక్కొచ్చాడు. సర్వే తప్పని, ఆ రోజు మా దుకాణం తెరిచే ఉందని యజమాని ప్రమాణం చేసి, ఇరుగుపొరుగు ఇద్దరు సాక్ష్యం చెబితే రంగు మారుస్తారట. కానీ తోమాసా అప్పటికే వీధంతా మూశామని సంతకం పెట్టి కూర్చుంది. ఆ మాట ఉన్నంత కాలం ఎవరి ప్రమాణమూ చెల్లదు. అందరూ ప్రెస్సులో కూడి ఆమెను పిలిపించారు.

"మీ మాట వెనక్కి తీసుకోవాలి, దోన్యా తోమాసా. అప్పుడు బాధలో ఉండి తికమకగా చెప్పాననాలి. ఆ రోజు మర నడిచిందని చెప్పాలి. మీరు చెప్తేనే మేం చెప్పగలం" అన్నాడు ఇలారియో.

"మా అమ్మను చూడండి. మంచం మీద ఉంది. ఈ కొట్టు పోతే ఆమెను తీసుకుని ఎక్కడికి పోను?" అన్నాడు దామియాన్. వాడి గొంతులో నిజంగానే భయం ఉంది. వాణ్ణి నేను తప్పు పట్టను.

"అసలు మమ్మల్ని మూయించే అలవాటు ఎవరిది? మనం మూయకపోతే ఈ గొడవ ఉండేదా?" అని ఎవరో వెనక నుంచి గొణిగారు. ఇంకొకరు అవునన్నారు. తలా ఒక మాట అనడం మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆ రోజు మిమ్మల్ని ఎవరైనా అడిగారా? మీ అంతట మీరు కట్టారు రిబ్బన్లు. నువ్వు భుజం పట్టలేదూ, ఇలారియో? ఇప్పుడు ఆమె మీద పడి ఏడుస్తారేం?" అన్నాను.

"నువ్వు ఊరుకో, మీచా. నీకు దుకాణమా, లైసెన్సా? మెట్టు మీద కూర్చునేదానివి, నీకేం తెలుస్తుంది మా బాధ?" అన్నాడు ఇలారియో.

తోమాసా నా చెయ్యి పట్టుకుని ఆపింది. "అంటే, నబోర్‌ని పాతిపెడుతున్నప్పుడు నేను మర ఆడిస్తున్నానని చెప్పాలి. అంతేనా?" అని అడిగింది.

"మాటేగా అండీ. కాగితం మీద మాట. ఆయన లేచొచ్చి అడుగుతాడా ఏంటి?" అన్నాడు ఇలారియో.

వాడి మొహాన ఉమ్మెయ్యాలనిపించింది నాకు. ఇంటికి వస్తూ, ఒప్పుకోవద్దు కొమాద్రే అన్నాను. ఆమె నడుస్తూనే ఉంది. "నా ఒక్కదాని పని అయితే ఒప్పుకోను. వీళ్ళందరూ నా వల్ల పోతే ఈ వీధిలో ఎలా నడవను? పైగా మర పోతే నేనేం చెయ్యాలి చెప్పు? ఆయన చేతి గంట్లు ఇంకా ఆ రాళ్ళ మీదే ఉన్నాయి. ఆడిస్తూ ఉంటే ఆయన ఎక్కడికో వెళ్ళాడు, వచ్చేస్తాడనిపిస్తుంది" అంది.

నోటరీ ఆఫీసులో కాగితం ఇలారియో చెప్పినట్టే టైపు చేశారు. గట్టిగా ఉండాలని, స్వయంగా అన్న మాట వాడే వేయించాడు. ఆ రోజు ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా నేను స్వయంగా మర నడిపాను అని. గుమస్తా చదువుతుంటే తోమాసా గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ నిలబడింది. చెయ్యి ఎత్తమంటే ఎత్తింది. నిజమేనా అంటే నిజమే అంది. ఆ బొంగురు గొంతు ఎవరికీ వినబడలేదు, మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పింది. బయటికొచ్చాక ఎవరూ ఆమె మొహం చూడలేదు. అందరూ గబగబా లోపలికెళ్ళి తమ తమ ప్రమాణాలు చేసుకున్నారు.

వాన రోజులు మొదలయ్యేసరికి జవాబు వచ్చింది. ప్రెస్సుకు పచ్చ. కొవ్వొత్తుల కొట్టుకు పచ్చ. వీధిలో ప్రతి దుకాణమూ పచ్చ. ఒక్క పిండిమర బూడిద.

మేం కౌంటర్ దగ్గరికి వెళ్ళాం. రెనాతా మొహం కందిపోయి ఉంది. శ్మశానం కూడా మునిసిపాలిటీదే. ఆ రోజు పొద్దుటిపూట శ్మశానం ఆఫీసులో గోతి తనకు అప్పగించారని తోమాసా చేసిన సంతకం ఉంది. స్వయంగా మర నడిపిన మనిషి అదే సమయంలో అక్కడ ఎలా సంతకం పెట్టింది అని పైవాళ్ళు అడిగారట. మిగతా ఎవరి సంతకాలూ శ్మశానంలో లేవు కాబట్టి వాళ్ళ ప్రమాణాలు చెల్లాయి. భార్య ఒక్కతే కదా సంతకం పెట్టేది.

"అయితే ముందు చెప్పిందే నిజం. అది తీసుకో" అన్నాను నేను.

"అది వారే రద్దు చేసుకున్నారండి" అంది రెనాతా.

మరను ఆ రోజు నేను నడిపానని రాసుకోమన్నాను. అబద్ధమే, అందరూ చెప్పగా లేనిది నేను చెబితే ఏం? నాకు ఆ వీధిలో దుకాణం గానీ ఇల్లు గానీ లేదు కాబట్టి నా సాక్ష్యం పనికిరాదన్నారు. వీధిలో ఉన్నవాళ్ళెవరైనా వచ్చి, ఆమె శ్మశానానికి వెళ్ళినప్పుడు మర మేం చూసుకున్నాం అంటే ఆలోచిస్తామన్నారు. పరుగున ఇలారియో దగ్గరికి వెళ్ళాను.

"నేనెలా చెప్తాను మీచా? ఆ రోజు పొద్దుట ప్రెస్సులో ఉన్నానని ప్రమాణం చేశానుగా" అన్నాడు.

దామియాన్ దగ్గరికి వెళ్ళాను. వాడు ఆ రోజు కొట్లో మైనం కరిగిస్తున్నానని ప్రమాణం చేశాడు. మంగలి ఆ రోజు గడ్డాలు గీశాడట. అందరూ ఎవరి దుకాణంలో వాళ్ళు ఉన్నారట. నబోర్‌ను ఆ రోజు ఎవరు మోశారో మరి నాకు తెలియదు.

మర తలుపుకు కాగితం అంటించి లక్క ముద్ర వేశారు. కరెంటు తీగ కత్తిరించారు. తోమాసా వెనక గదిలోనే ఉంటోంది. ఇలారియో ఇప్పుడు ప్రెస్సు సగం కాఫీ కొట్టుకిచ్చి, పాత మెషిన్‌ను వచ్చిన వాళ్ళకు చూపిస్తాడు. నేను మార్కెట్ వెనక బస్సులు ఆగేచోట కూర్చుంటున్నాను. ప్యాకెట్ పిండితో చేస్తున్నాను తమాలెలు. ఒకరోజు రెనాతా వచ్చి కొనుక్కుని, కొరికి, "రుచి మారినట్టుంది కదండీ" అంది. అవునమ్మా మారింది అన్నాను. ఇంకేదో అనాలని నోటిదాకా వచ్చింది గానీ ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు చూసి ఊరుకున్నాను.

వానలు వెనకబట్టాక దామియాన్ తల్లి పోయింది. ఒక్క దుకాణమూ మూయలేదు. మళ్ళీ ఎవరైనా వచ్చి రాసుకుంటారేమోనని భయమట. దామియాన్ కూడా కొవ్వొత్తుల కొట్లో మేనల్లుణ్ణి కూర్చోబెట్టి వచ్చాడు. శవం వెనక నలుగురం నడిచాం. ఆ నలుగురిలో తోమాసా ఉంది. కాఫీ కొట్టు గొడుగుల కింద జనం మమ్మల్ని ఫోటో తీసుకున్నారు.

నబోర్ పోయి ఏడాది నిండిన రోజున చర్చిలో మాస్ ప్రార్థన చెప్పించాం. తోమాసా వచ్చింది, చివరి బెంచీలో కూర్చుంది. అయ్యాక నేను పూలు పట్టుకుని, పద కొమాద్రే, సమాధి దగ్గరికి వెళ్ళొద్దాం అన్నాను.

"నువ్వెళ్ళు."

"అదేంటి, ఇవాళ కూడా వెళ్ళవా?"

"పోయిన నెల వెళ్ళాను. కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తెలీలేదు" అంది. పగిలిన వేళ్ళతో శాలువా అంచు నలిపింది. "మర ఎలా ఉందే అని అడుగుతాడు గదా ముందు. ఏం చెప్పను? నిన్ను పాతిపెట్టేటప్పుడు నడిచిందయ్యా, ఆ తర్వాత ఆగిపోయిందని చెప్పనా?"

పూలు నేనొక్కదాన్నే తీసుకెళ్ళి పెట్టి వచ్చాను.